సమస్యాపూరణం: ఆట వదలువాఁడె యాట గెలుచు

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

ఆట వదలువాఁడె యాట గెలుచు

సందర్భం కూడా ఇస్తున్నాను. పోకర్ ఆట. ఒక్కొక్కరి ముందు 1000 చింతపిక్కలు. మీ చేతిలో కళావరు ఏడు, కళావరు ఎనిమిది. బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పక వేసే పందాలు) 5, 10. ఒకాయన 40కి పెంచాడు, ఇద్దరు తలా 40 కలిపారు. మీ తర్వాత బ్లైండ్స్ వేసిన ఇద్దరే మిగిలారు. బల్ల మీద అందరికీ ఉమ్మడి ముక్కలు తెరిచాక ప్రతి రౌండులోనూ చివరి మాట మీదే. 40 కలుపుతారా, పడేస్తారా?

డబ్బు ఊసు వద్దు. తెలంగాణలో 2017 సవరణతో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ కూడా జూదం కిందికే వచ్చాయి. మన లెక్కలన్నీ పిక్కలతోనే.

దేవరకొండ సభ్యుడి పూరణ

చేతి ముక్క చూసి చిల్లర లెక్కించి
ధరకుఁ దగిన యాశ దక్కదనుచు
ఒక్క చేయి విడిచి యోర్పుతో నిలబడి
ఆట వదలువాఁడె యాట గెలుచు

తమ్ముడూ, రెండో పాదం నాకు చాలా నచ్చింది. పడేయడానికి కారణం భయం కాదు, ధర. ఆ మాట నాలుగు ముక్కల్లో చెప్పావు. ధ–ద యతి కూడా హాయిగా పడింది. ఇప్పుడు దోషాలు. ‘చూసి’ని ‘చూచి’ చెయ్యి, గణం మారదు. ‘నిలబడి’ తర్వాత ‘ఆట’ అచ్చుతో మొదలైంది, ‘యాట’ కావాలి. అసలు ఇబ్బంది మూడో పాదంలో ఉంది. చేయి విడిచాడని అక్కడే చెప్పేశావు, మళ్లీ సమస్యలో ‘వదలువాఁడె’ అంటే అదే మాట రెండోసారి. పైగా వదిలిన ఆట ఏది, గెలిచిన ఆట ఏది? ఆ తేడా తేలకపోతే సమస్య విడిపోదు. ఇలా మార్చి చూడు:

ఒరుల పందెమునకు నుడుకక యా చేతి
యాట వదలువాఁడె యాట గెలుచు

ఆ చేతి ఆట వదిలాడు, రాత్రంతా సాగే ఆట గెలిచాడు.

నల్గొండ సభ్యుడి పూరణ

పిలుపు రాఁగ లేచి పీటపైఁ గూర్చుండె
ధర్మరాజు, రాజ్యధనము పోయె;
పాచికలను ద్రోసి పనిఁ జూచికొనునట్టి
యాట వదలువాఁడె యాట గెలుచు

సార్, గణాలు, యతులు అన్నీ శుభ్రం. ‘కొనునట్టి’ మాత్రం వాడికి అంటుకోవాల్సింది పోయి ఆటకు అంటుకుంది. పని చూసుకునేది ఆట అవుతోంది. ‘పనిఁ జూచుకొనఁబోయి’ అంటే అన్వయం కుదురుతుంది.

ఇంకో మాట. మీరు జూదమే మానమన్నారు. తప్పేమీ లేదు, కానీ ధర్మరాజు కథలో మన సందర్భానికి ఇంకా దగ్గరి సంగతి ఉంది. జూదానికి పిలిస్తే కాదననన్నది ఆయన వ్రతం. అంటే పడేసే దారి ఆయన ముందే మూసేసుకున్నాడు. పడేయలేడని తెలిసిన మనిషి మీద ఎదుటివాడు ఎంత పందెమైనా కాస్తాడు. శకుని చేసింది అదే. పాచికల మాయ సంగతి అటుంచినా సరే, ఈ ఒక్కటి చాలు. దాని మీద ఇంకో పద్యం రాయండి సార్, తప్పకుండా రాయండి.

(ఇదే సభ్యుడు కింద ఒక వ్యాఖ్య పెట్టారు: “మా రమ్మీలో ఇదంతా ఎప్పుడూ ఉన్నదే. ముక్కలు బాగా లేకుంటే మొదట్లోనే డ్రాప్, 20 పోతాయి. ఒక చుట్టు చూసి డ్రాప్ అయితే 40. చూద్దాం చూద్దాం అంటూ కూర్చుంటే 80 దాకా.” బాగా చెప్పారు.)

మిర్యాలగూడ నుంచి వచ్చిన పూరణలో రెండో పాదం ‘మూఁడు ముక్క లందుఁ గలిసె నల్ల’. మూ–గ యతి చెల్లదు. ‘మురిసె నల్ల’ అంటే చెల్లుతుంది. అయితే ఇస్పేటూ నల్లనే, కళావరని తెలిసేదెలా? మళ్లీ పంపండి.

వనపర్తి అక్క పూరణ

వెలయె కొంచె, మెదుట వేల రాశి కలదు,
వరుస ముక్క లొక్క వన్నె వగుట
కలుపఁ దగిన చోటఁ గాలు వెనుకకిడి
యాట వదలువాఁడె యాట గెలుచు?

అక్కా, నాలుగో పాదాన్ని ప్రశ్న చేసి సమస్యను తిరగేశారు. ఇంకా మెచ్చుకోవాల్సింది మొదటి పాదం. ఈ చేతికి ప్రాణం అక్కడే ఉంది.

లెక్క చూద్దాం. కుప్పలో 135 ఉన్నాయి, మనం 40 వేస్తే 175. బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కలతోనే రంగు (ఐదు ముక్కలూ ఒకే గుర్తు) పూర్తయ్యేది నూటికి ఒకసారి కూడా కాదు. మూడింటిలో రెండు కళావర్లు పడి, ఇంకొక్కటి చాలన్న ఆశ పుట్టేది నూటికి 11 సార్లు. ఆ 11లో ఒకటి వచ్చిందనుకోండి. బ్లైండ్స్ ఇద్దరూ ముందే పడేశారు, పెంచినాయన ఇప్పుడు 100 వేశాడు, మధ్యవాళ్లూ పడేశారు. కుప్ప 275, మన వంతు 100. అంటే 375లో 100, 27 శాతం అవకాశం కావాలి. మనకు కనబడని ముక్కలు 47, అందులో కళావర్లు 9. తర్వాతి ముక్కకు 19 శాతమే. ఆ కొరత తీరాలంటే, రంగు పడ్డాక ఆయన దగ్గర్నుంచి ఇంకో 150 దాకా రాలాలి.

ఆయన ముందు ఇంకా 860 పిక్కలున్నాయి కాబట్టి రాలే దారి ఉంది. అదే మనిషి మొదట 160తోనే కూర్చుని ఉంటే 20 మిగిలేవి. అప్పుడు రంగు పడినా వసూలయ్యేదేమీ ఉండదు. అదే ఏడు, అదే ఎనిమిది, అయినా మొదటి 40 దగ్గరే పడేయాలి. ‘ఎదుట వేల రాశి కలదు’ అన్న షరతు లేకుండా ఈ ముక్కల మీద తీర్పు చెప్పలేం. మన దేవరకొండ తమ్ముడి ‘ధర’, అక్క ‘రాశి’ రెండూ కలిస్తేనే జవాబు. నేనైతే ఈ సందర్భంలో 40 కలుపుతాను. ముక్కలు తెరిచాక ఒక్క కళావరూ లేకపోతే, వరుసకూ దారి లేకపోతే, ఆ 40 మీద మమకారం పెట్టుకోను.

గద్వాల పెద్దాయన పూరణ

ఆకు లెన్నొ చూచి యలవోకగాఁ జెప్పు
నృపుని విద్య నేర్చె నిషధరాజు;
లెక్క తెలియువఱకు లేచి దూరముఁ బోయి
యాట వదలువాఁడె యాట గెలుచు

విద్వద్గద్వాల అని ఊరికే అనలేదు. పుష్కరుడి చేతిలో ఓడిన నలుడు, అయోధ్య రాజు ఋతుపర్ణుడు చెట్టు ఆకులు, కాయలు చూపుతోనే లెక్కగట్టడం చూశాడు. అశ్వహృదయం (గుర్రాల విద్య) ఇచ్చి అక్షహృదయం (పాచికల విద్య) పుచ్చుకున్నాడు, తిరిగి వచ్చి గెలిచాడు. నృ–ని యతి సలక్షణం. ‘దూరముఁ బోయి’ పూరకంలా కనబడొచ్చు గానీ నలుడు నిజంగానే అడవులు పట్టి, అయోధ్య దాకా వెళ్లాడు. కాబట్టి ఆ మాటకు పని ఉంది. పెద్దాయనా, ఒక్క సందేహం. ‘లేచి దూరముఁ బోయి’ అంటే నలుడు తనే లేచిపోయినట్టుంది, కథలో సర్వం ఓడి వెళ్లగొట్టబడ్డాడు కదా? మీరేమంటారు?

మిగతా పూరణలు ఆదివారం పొద్దుటి దాకా పంపవచ్చు. కందంలో రాయాలనుకునేవారు పాదాన్ని సాగదీసి ఇమడ్చవచ్చు, ప్రాస జాగ్రత్త.