నాన్నకి మీసోథీలియోమా అన్నారు, పాత రేకుల ఫ్యాక్టరీ మీద ఏమన్నా క్లెయిమ్ వస్తుందా?

శ్రీను_మెదక్

అందరికీ నమస్కారం, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా నాన్నకి 66 ఏళ్ళు. ఆయాసం అని తీసుకెళ్తే కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు, తీశారు, మళ్ళీ చేరింది, టీబీ అని కోర్సు మొత్తం మింగించారు, తగ్గలేదు సరికదా మనిషి సగమయ్యాడు. చివరికి వేరే డాక్టరు కెమెరా పెట్టి ముక్క తీసి పంపిస్తే మీసోథీలియోమా (ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకి వచ్చే క్యాన్సర్ అంట) అని వచ్చింది. ఈయన ఒక్కడే "మీరు ఎక్కడ పనిచేసేవారు" అని అడిగాడు, అంతకుముందు ఎవరూ అడగలేదు.

నాన్న 1988లో హైదరాబాద్ శివార్లలో ఆస్బెస్టాస్ (నార లాంటి ఖనిజం) కలిపి చేసే సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో చేరాడు (పేరు రాయను). మొదట కాంట్రాక్టర్ కింద ఆ ఆస్బెస్టాస్ సంచులు విప్పే దగ్గర, 1992లో పర్మనెంట్ చేసి మిషన్ మీద వేశారు, ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కూడా అప్పుడే. 2006లో వీఆర్ఎస్ తీసుకుని ఊర్లో కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత ఎవరి మీద కేసు వేస్తాం? టెక్సస్‌లో ఉన్న మా తమ్ముడు రోజూ అమెరికా లాయర్ల యాడ్స్ పంపిస్తున్నాడు, ఆస్బెస్టాస్ బాధితులకి 30 బిలియన్ డాలర్ల ఫండ్ ఉందంట, మనకి వస్తుందా? నాన్నేమో "అందరం చేసినం, నాకొక్కడికే ఎందుకురా కేసులు" అంటాడు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాత_యూనియన్

శ్రీనూ, నేను కూడా రేకుల ఫ్యాక్టరీలనే చేసిన, మీ నాన్నది కాదు వేరేది. సంచులు విప్పే సెక్షన్ అంటే నాకు తెలుసు బిడ్డా. సంచిని కత్తితో నిలువునా కోసి మిక్సర్ల దులుపుడు, ఖాళీ సంచి మడతపెట్టేటప్పుడే ఎక్కువ లేస్తది పొడి, ఎండ పడ్డ కాడ మెరుస్తుంటే చూసేటోళ్ళం. మూతికి రుమాలు కట్టుకునేది, మధ్యాహ్నం అదే రుమాలు దులిపి చెమట తుడుచుకునేది. మాస్కులు ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజు బయటికొచ్చేవి. చెప్పేదేందంటే మీ నాన్నతో పాటు సంచుల కాడ చేసినోళ్ళు ఎవరు బతికున్నరో ఇప్పుడే వెతుకు, ఇద్దరు ముగ్గురి దగ్గర అఫిడవిట్ రాయించుకో. కాంట్రాక్టర్ దగ్గర కాయితాలు దొరుకుతాయనే ఆశ పెట్టుకోకు, మనుషుల మాటే సాక్ష్యం.

చందు77

బ్రో నిజం చెప్తున్నా, ఫ్యాక్టరీ వాళ్ళు సిగరెట్ తాగాడు అంటారు, తెల్ల ఆస్బెస్టాస్‌తో ఏం కాదు అంటారు, పదేళ్ళు తిప్పుతారు. ఉన్న డబ్బులు లాయర్లకి పెట్టకుండా ట్రీట్‌మెంట్ చూసుకో.

లేబర్‌కోర్టు_వకీలు

చందు గారి కోపం అర్థమైంది కానీ సిగరెట్ వాదన ఇక్కడ నిలబడదు, ఊపిరితిత్తి క్యాన్సర్‌కి చెప్పొచ్చేమో గానీ మీసోథీలియోమాకి పొగతాగడం కారణం కాదు. తెల్లది, అంటే క్రిసోటైల్ కూడా, క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్సీ ఎప్పుడో తేల్చింది. పైగా పొడి పీల్చిన 20 నుంచి 50 ఏళ్ళకి బయటపడే జబ్బు ఇది, మీ నాన్నగారి సంవత్సరాలు అందులో సరిగ్గా పడతాయి.

ఇక చట్టం. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మీసోథీలియోమా వృత్తి జబ్బుల జాబితాలోనే ఉంది, 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టంలోనూ, ఈఎస్ఐ చట్టంలోనూ. 2025 నవంబర్ 21 నుంచి ఈ రెండిటి స్థానంలో సోషల్ సెక్యూరిటీ కోడ్ వచ్చింది, జాబితా అందులోకీ వెళ్ళింది, మీ కేసు పాత చట్టం కిందా కొత్తదాని కిందా అన్నది తేదీలు చూసి తేలుతుంది. ఈఎస్ఐ ఉన్న కాలానికి యజమాని మీద విడిగా కాంపెన్సేషన్ అడగడం కుదరదు, ఈఎస్ఐ ఆఫీసులోనే వృత్తి జబ్బు అని అప్లికేషన్ పెట్టి మెడికల్ బోర్డుకి వెళ్ళాలి. 1988 నుంచి 92 దాకా కాంట్రాక్టర్ కింద ఈఎస్ఐ లేకుండా చేశారు కదా, ఆ కాలానికి అసలు ఫ్యాక్టరీయే బాధ్యుడు, కాంట్రాక్టర్ కనపడకపోయినా సరే, పాత చట్టం సెక్షన్ 12 అదే చెప్తుంది.

ఇబ్బంది ఎక్కడంటే, పాత చట్టం ప్రకారం ఉద్యోగం మానేశాక రెండేళ్ళలో లక్షణాలు బయటపడాలి. ముప్పై ఏళ్ళకి వచ్చే జబ్బుకి రెండేళ్ళ గడువు, రాసినవాళ్ళకి దండం పెట్టాలి. అవతలి లాయరు మొదట పట్టుకునేది దీన్నే. దీనికి మన చేతిలో ఉన్నది 1995 జనవరి 27 నాటి సుప్రీంకోర్టు తీర్పు, కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా. ఉద్యోగం పోయాక పరిహారం ఇచ్చే ఏర్పాటు ఈ చట్టాల్లో లేదు కాబట్టి వాళ్ళని కాపాడాల్సిందేనని కోర్టే అంది, అహ్మదాబాద్‌లోని ఎన్ఐఓహెచ్ (జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ) పరీక్షలో జబ్బు తేలిన కార్మికులకి లక్ష చొప్పున ఇమ్మంది. అదే తీర్పులో ఇంకో ముక్క మీకు బంగారం: కార్మికుడి హెల్త్ రికార్డు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్ళు, లేదా మానేశాక 15 ఏళ్ళు, ఏది ఆలస్యమైతే అప్పటిదాకా ఫ్యాక్టరీ దాచాలి. 1988 నుంచి లెక్కేసినా 2028 వరకు ఆ రికార్డు, ఎక్స్‌రేలతో సహా, వాళ్ళ దగ్గర ఉండాలి. రిజిస్టర్డ్ పోస్టులో అడగండి, ఒక కాపీ ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కి పంపండి. లేవు అని రాసిస్తే అది కూడా మనకి పనికొస్తుంది.

డబ్బు ఎంత అంటే, నెల జీతంలో 60 శాతం ఇంటూ వయసు ఫ్యాక్టర్ (వయసుని బట్టి చట్టంలో ఇచ్చిన అంకె), 65 దాటినవాళ్ళకి 99.37. లెక్కకి తీసుకునే జీతానికి చట్టం పెట్టిన పరిమితి 2006లో ఉన్న 4 వేలు తీసుకుంటే 2,38,488 వస్తుంది, 2020 జనవరి నుంచి ఉన్న 15 వేలు తీసుకుంటే 8,94,330. ఏ తేదీ జీతం అన్నదాని మీదే గొడవంతా నడుస్తుంది.

ఒకటి మాత్రం ఆలస్యం చేయొద్దు. డాక్టరు గారితో కేస్ షీట్‌లో "ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది దాకా ఆస్బెస్టాస్ పనిలో ఉన్నారు" అని రాయించండి, నాన్నగారు మాట్లాడగలిగినప్పుడే నోటరీ దగ్గర ఆయన స్టేట్‌మెంట్ రాయించండి, ఏ సెక్షన్, ఏ పని, మాస్కు ఇచ్చారా లేదా, పేర్లతో సహా. బయాప్సీ (తీసిన ముక్క) బ్లాకులు, స్లైడ్లు ఆస్పత్రి నుంచి తెచ్చుకుని ఇంట్లో పెట్టుకోండి. లాయర్ ఖర్చు గురించి భయపడకండి, పారిశ్రామిక కార్మికుడికి ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీలో ఉచితంగా లాయర్ని ఇస్తారు, 15100కి ఫోన్ చేయండి.

పద్మ_న్యూజెర్సీ

మీ తమ్ముడికి చెప్పండి, ఆ 30 బిలియన్ల ఫండ్ అంటే కొన్ని ట్రస్టులు, అవి జాన్స్ మ్యాన్‌విల్ లాంటి దివాళా తీసిన కంపెనీలవి (వాళ్ళు 1982లో దివాళా పెట్టారు), ఆ కంపెనీ సరుకు వల్లే పొడి పీల్చాను అని చూపించినవాళ్ళకే ఇస్తారు. ఇండియాలో ఇండియా కంపెనీ రేకుల మీద చేసినాయనకి అందులో ఏమీ ఉండదు. విదేశీ షిప్పుల్లో ఇంజన్ రూమ్‌లో చేసినవాళ్ళు, ఇక్కడికొచ్చి పనిచేసినవాళ్ళు అయితే అడిగి చూడొచ్చు. యాడ్‌లో నంబరు ఇస్తే ఫోన్లు ఆగవు, ఇవ్వకండి.

శ్రీను_మెదక్

వకీలు గారూ చాలా థ్యాంక్స్, మెసేజ్ చేశాను. ఈఎస్ఐ కార్డు అమ్మ బీరువాలోంచి తీసింది, నంబరు కనపడుతోంది. కీమో రేట్లు అడిగితే గుండె ఆగింది, ఆరోగ్యశ్రీలో పెట్టమన్నారు. ఇంకో డౌటు, నాన్న డ్యూటీ బట్టలు అమ్మే ఉతికేది, ఆమెకి కూడా చూపించాలా?

పల్మో_నర్స్

చూపించండి. బట్టలు దులిపి ఉతికిన ఇంటి ఆడవాళ్ళకి కూడా ఈ జబ్బు వచ్చిన కేసులు చాలా దేశాల్లో ఉన్నాయి. కంగారేమీ లేదు, ఒక ఎక్స్‌రే తీయించి, ఆ బట్టల సంగతి డాక్టరుతో చెప్పి చీటీలో రాయించండి. ఆరోగ్యశ్రీకి హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో గానీ నిమ్స్‌లో గానీ అడగండి. ఈఎస్ఐ కార్డు దొరికింది కాబట్టి ఇంకోటి, ఐదేళ్ళు ఈఎస్ఐలో ఉండి వీఆర్ఎస్ తీసుకున్నవాళ్ళకి ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ ఈఎస్ఐ వైద్యం ఉంటుంది. ఇన్నాళ్ళూ కట్టలేదంటే ఇప్పుడైనా బ్రాంచ్ ఆఫీసులో అడగండి, వీఆర్ఎస్ లెటరు తీసుకెళ్ళండి, లేకపోతే రేపు రమ్మంటారు.