కయాక్ మీద సముద్ర వేటకు మొదటి కన్వెన్షనల్ రాడ్: తక్కువ ఖర్చులో ఎలాంటిది తీసుకోవాలి?

కొత్తతెడ్డు:
అందరికీ నమస్కారం. ఇంతవరకు నేను కయాక్ మీద అలలు లేని నీళ్లలో, రీలు కింద వేలాడే స్పిన్నింగ్ రాడ్‌తో చిన్న చేపలే పట్టేవాణ్ణి. ఇకమీదట తీరానికి దగ్గరగానే, 10 నుంచి 30 మీటర్ల లోతులో, సీసం కట్టిన ఎరను అడుగుకు దించి వేటాడాలని, ఒకచోటి నుంచి మరోచోటికి తెడ్డు వేసుకుంటూ వెళ్లేటప్పుడు వెనకాల ఒక ఎరను నీళ్లలో లాక్కుపోతూ ట్రోలింగ్ చేయాలని అనుకుంటున్నాను. ఈ రెండు పనులకూ రీలు రాడ్ పైభాగాన కూర్చునే కన్వెన్షనల్ సెట్ అనువుగా ఉంటుందని విన్నాను. చవక రకాల్లోనే పొట్టిగా, బండగా ఉన్న బోటు రాడ్లు, ఏడడుగుల సన్నని గ్రాఫైట్ రాడ్లు, ఫైబర్ గ్లాస్ రాడ్లు కనిపిస్తున్నాయి. నా డబ్బు ఒక్క రాడ్‌కే సరిపోతుంది కనుక, దేని విషయంలో రాజీ పడవచ్చో, దేని విషయంలో పడకూడదో అనుభవమున్నవారు చెప్పగలరా?

ఉప్పుగాలి:
మీరు విన్నది సరైనదే. బొటనవేలు స్పూలు (దారం చుట్టుకునే చక్రం) మీద ఆనించి, దాన్ని స్వేచ్ఛగా తిరగనిచ్చే క్లచ్ వదిలితే సీసం నిలువుగా దిగుతుంది, అది అడుగు తాకిన సంగతి ఆ వేలికే తెలుస్తుంది. పైగా దారం స్పూలు మీదికి నేరుగా చుట్టుకుంటుంది కనుక మెలికలు పడవు.

ఇక రాడ్ విషయానికి వస్తే, కంపెనీ పేరు కన్నా ముందు రెండు కొలతలు చూడండి: మొత్తం పొడవు, రీలు వెనక మిగిలే పిడి పొడవు. కయాక్‌లో మనం కూర్చునే ఉంటాం. లేచి అటూ ఇటూ నడవడానికి వీలుండదు. గాలానికి పడిన చేప పడవ ముక్కు కిందుగా అవతలి పక్కకు దూసుకుపోయినప్పుడు, ముందుకు వంగి చేతులు చాపి రాడ్ కొనను ముక్కు దాటించి అటు తిప్పలేకపోతే, దారం పడవ అడుగున రాసుకుని తెగుతుంది. అందుకు ఏడడుగులు, అంటే సుమారు 2.1 మీటర్లు ఉంటే మంచిది. అంతకన్నా బాగా పొడవైతే కొన దూరాన ఉండిపోయి, అలసిపోయిన చేప కూడా చేతికి అందదు.

నిలబడి వేటాడేవారి కోసం చేసిన బోటు రాడ్లలో చాలావాటికి పిడి బారుగా ఉంటుంది, దాన్ని వారు నడుముకు కట్టుకున్న బెల్టులో ఆనించుకుంటారు. కూర్చున్నవారికి అదే పిడి లైఫ్ జాకెట్‌కు తగులుకుని, రాడ్‌ను పక్క మార్చిన ప్రతిసారీ అడ్డుపడుతుంది. పిడి మోచేతిని కాస్త దాటితే చాలు. కొనేముందు లైఫ్ జాకెట్ తొడుక్కుని, నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, రాడ్‌ను ఎడమ నుంచి కుడికి తిప్పి చూడండి. దుకాణంలో వాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

పిడికి కొంచెం పైన 15–30 పౌండ్ల (తెగే బలం) దారమని, 1–4 ఔన్సుల ఎర అని రాసి ఉన్న రాడ్ మీ పనికి సరిపోతుంది. నాలుగు ఔన్సులంటే సుమారు 113 గ్రాములు. ఇంకా బలమైనది కొంటే భద్రమని అనుకోకండి. పెద్ద చేప లాగితే కయాక్ కూడా దాని వెంట కదులుతుంది కనుక ఆ లాగుడులో కొంత పడవే భరిస్తుంది, కానీ ఏమాత్రం వంగని మొండి రాడ్‌తో చేప పక్కకు గుంజితే ఆ బలమంతా మిమ్మల్ని ఒరగదోయడానికే పోతుంది.

లంగరు:
పిడి గురించి ఉప్పుగాలి గారు చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం. పొడవు విషయంలో మాత్రం, నిలువుగా జిగ్గింగ్ చేయడమే, అంటే బరువైన ఎరను కిందికీ పైకీ కుదుపుతూ ఆడించడమే ప్రధానమైతే ఆరున్నర అడుగుల రాడ్‌తో చేయి తక్కువ అలుస్తుందని నా అభిప్రాయం.

నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది రాడ్‌ను దేనితో చేశారన్నది. పూర్తి గ్రాఫైట్ రాడ్ తేలికగా ఉంటుంది, చేప ఎరను ముట్టినా చేతికి తెలుస్తుంది, కానీ అది పెళుసు. కయాక్‌లో రాడ్ తెడ్డుకో, రాడ్‌ను నిలిపే హోల్డరు అంచుకో, ఊగే సీసానికో తగులుతూనే ఉంటుంది. అలా పడిన కంటికి కనిపించని బీట దగ్గరే తర్వాత బరువు పడినప్పుడు విరుగుతుంది. చేప పక్కకు వచ్చినప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. కూర్చున్నచోటి నుంచే దాన్ని అందుకోవాలని రాడ్‌ను నిటారుగా తల వెనకకు ఎత్తుతాం, దాంతో వంపంతా కొన దగ్గరి సన్నని భాగం మీదే పడి గ్రాఫైట్ పుటుక్కుమంటుంది. ఫైబర్ గ్లాస్ బరువుగా, కాస్త మందకొడిగా ఉన్నా ఆ వంపును ఓర్చుకుంటుంది. కాబట్టి మొదటిసారి కొనేవారికి రెండూ కలిపి చేసిన కాంపోజిట్ రాడ్ మేలు. షేక్‌స్పియర్ సంస్థ 1976లో తెచ్చిన అగ్లీ స్టిక్ ఈ కోవలోదే. సొగసు కోరేవారికి నచ్చకపోవచ్చు గానీ, మొరటుగా వాడినా నిలబడుతుంది.

గైడ్ల (రాడ్ పొడవునా దారం దూరి వెళ్లే రింగులు) విషయంలో రాజీ పడకండి. స్టెయిన్‌లెస్ స్టీలు ఫ్రేము, లోపల సిరామిక్ రింగు ఉండాలి. ప్రతి రింగు లోపలా చిన్న దూది ముక్క తిప్పండి. పీచు చిక్కుకుంటే అక్కడ బీట ఉన్నట్టే, అది బ్రెయిడ్ (పోగులతో అల్లిన) దారాన్ని కోసేస్తుంది. రింగుకు బదులు చిన్న చక్రాలుండే రోలర్ గైడ్లకు డబ్బు పెట్టనక్కరలేదు.

కొత్తతెడ్డు:
ఇద్దరికీ ధన్యవాదాలు. నా ఏడడుగుల స్పిన్నింగ్ రాడ్‌నే తిరగేసి కన్వెన్షనల్ రీలు బిగిస్తే రాడ్ ఖర్చు తప్పుతుందా? రీలుకు లెవెల్‌వైండ్ (దారాన్ని స్పూలు మీద సమంగా పరిచే భాగం) తప్పనిసరా?

ఉప్పుగాలి:
అలా బిగించకండి. స్పిన్నింగ్ రాడ్‌కు గైడ్లు తక్కువ, వాటి మధ్య దూరం ఎక్కువ. తిరగేసి వాడితే, బరువు పడి రాడ్ వంగినప్పుడు గైడుకూ గైడుకూ మధ్య దారం రాడ్‌నే ఒరుసుకుంటుంది. కన్వెన్షనల్ రాడ్‌కు చిన్న గైడ్లు ఎక్కువగా, దగ్గర దగ్గరగా కట్టడానికి ఇదొక కారణం. కొత్తది కొనేటప్పుడు కూడా దారం ఎక్కించి, ఒకరిని కొన వైపు లాగమని, దారం రాడ్‌ను తాకుతున్నదేమో చూడండి.

లెవెల్‌వైండ్ లేని రీలులో దారాన్ని బొటనవేలితో సర్దుతూ చుట్టాలి, లేకుంటే అది ఒక పక్కనే గుట్టపడుతుంది. పడవ ఊగుతుండగా, చేప లాగుతుండగా ఆ పని కొత్తవారికి కష్టం కనుక మొదటి సెట్‌కు అది ఉన్నదే తీసుకోండి. అందులో ఉప్పు పేరుకుంటుంది, ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి. డ్రాగ్‌ను (చేప లాగినప్పుడు దారం వదిలే ముందు రీలు పట్టే బిగువును) దారం బలంలో మూడో వంతుకు మించనివ్వకండి: 30 పౌండ్ల దారానికి 10 పౌండ్లు, అంటే సుమారు నాలుగున్నర కిలోలు. స్ప్రింగు త్రాసుతో లాగి చూస్తే తెలిసిపోతుంది.

లంగరు:
ట్రోలింగ్ కూడా చేస్తానన్నారు కనుక పొడవు విషయంలో ఉప్పుగాలి గారి మాటే వినండి. కొనేముందు పిడి చివర మీ కయాక్ హోల్డరులో దిగుతుందో లేదో కొలుచుకోండి. జింబల్ (పిడి చివర గాడి ఉన్న తొడుగు) ఉన్న లావు పిడులు కొన్ని హోల్డర్లలో పట్టవు. రాడ్ మీద మిగిలిన డబ్బులో కొంత లీష్‌కు (రాడ్‌ను పడవకు కట్టే తాడుకు) ఉంచండి, ఎందుకంటే రీలు బిగించిన రాడ్ నీళ్లలో పడితే మునిగిపోతుంది. లీష్ రెండో కొసను పడవకే కట్టండి, ఒంటికి కట్టుకోకండి.