మైక్రోవేవ్ ప్లేటు తిరుగుతోంది, కూర మాత్రం చల్లగానే ఉంటోంది. ఇంట్లో విప్పి చూడొచ్చా?

హన్మకొండ పోరడు:
మాది 20 లీటర్ల సోలో మైక్రోవేవ్, వారంటీ ఎప్పుడో అయిపోయింది. లైటు వెలుగుతోంది, ప్లేటు తిరుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, టైము కూడా తగ్గుతూ వస్తోంది, కానీ లోపల పెట్టింది ఏదీ వేడెక్కట్లేదు. మెకానిక్ వచ్చి చూసి "ఇది బాగుచేసే బదులు కొత్తది కొనుక్కోండి" అని విజిటింగ్ చార్జీ తీసుకుని వెళ్లిపోయాడు. నా దగ్గర మల్టీమీటర్ ఉంది, సోల్డరింగ్ వచ్చు, మిక్సీలు ఫ్యాన్లు బాగానే చేస్తాను. ఫ్యూజు పోయిందనుకుని వెనక స్క్రూలు విప్పబోతే ఒకటి నక్షత్రం ఆకారంలో ఉండి మధ్యలో చిన్న పిన్ను ఉంది, దానికి వేరే డ్రైవర్ కావాలట. చౌరస్తాకు పోయి కొనుక్కొచ్చే ముందు ఎవరైనా చెప్పండి, విప్పితే చాలా డేంజరా?

లోకోషెడ్ కాకా, కాజీపేట:
మెయిన్ ఫ్యూజు పోతే లైటే వెలగదు తమ్మీ, కాబట్టి అది కాదు. కొన్ని మోడళ్లలో ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత ఇంకో హైవోల్టేజ్ ఫ్యూజు ప్లాస్టిక్ గొట్టంలో ఉంటుంది, అది వేరే సంగతి. అసలు విప్పకముందే సగం విషయం చెవితో తెలుసుకోవచ్చు. గ్లాసుడు నీళ్లు లోపల పెట్టి ఒక్క నిమిషం ఆన్ చేసి విను. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేకపోతే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోవట్లేదన్నమాట, అప్పుడు డోర్ స్విచ్చో రిలేనో చూడాలి. మామూలు కంటే గట్టిగా గుర్రుమంటూ ఇంట్లో లైటు డిమ్ అయితే కథ అవతలి వైపు ఉంది, డయోడో (కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చేది), కెపాసిటరో (చార్జి దాచుకునేది), మ్యాగ్నెట్రానో (మైక్రోవేవ్‌లు పుట్టించేది) షార్ట్. వెంటనే ఆపెయ్. ముందు ఆ శబ్దం సంగతి చెప్పు, స్క్రూడ్రైవర్ తర్వాత కొందాం.

కరీంనగర్ వైరింగ్:
ఇంత భయపెట్టడం ఎందుకు కాకా, ఇంట్లో ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చి) ఉంటే షాక్ కొట్టగానే పడిపోతుంది కదా. ప్లగ్గు పీకేస్తే ఇంకేముంటుంది అందులో?

లోకోషెడ్ కాకా, కాజీపేట:
ఈ మాట నమ్మే చాలామంది చెయ్యి పెడతారు. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను దాదాపు 2000 చేస్తుంది, డయోడు, కెపాసిటరు కలిసి దాన్ని 4000 దగ్గరికి తీసుకుపోతాయి. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ అవతలి చుట్టలోంచి వచ్చి మైక్రోవేవ్ ఇనుప బాడీ ద్వారా మళ్లీ అదే చుట్టలోకి పోతుంది, నీ ఈఎల్‌సీబీకి ఆ లెక్కే తెలియదు, పడిపోదు. ఇక ప్లగ్గు పీకినా కెపాసిటర్‌లో చార్జి ఉండిపోవచ్చు. దాన్ని మెల్లగా ఖాళీ చేసే రెసిస్టర్ లోపలే ఉంటుంది నిజమే, కానీ అది తెగిపోయిందో లేదో బయటికి కనిపించదు. టీవీ, మిక్సీ రిపేరు చేసిన ధైర్యం ఇక్కడ పనికిరాదు.

హన్మకొండ పోరడు:
కాకా, నీళ్లు పెట్టి చూశాను. గుర్రుమని గట్టిగా మోగింది, ట్యూబ్‌లైటు కూడా తగ్గింది, వెంటనే ప్లగ్గు పీకేశాను. నీళ్లు చల్లగానే ఉన్నాయి. ఇప్పుడేం చెయ్యాలి?

మంచిర్యాల అక్క, సర్వీస్ షాపు:
మా షాపులో ఇలా గుర్రుమనే కేసు వస్తే ముందు డయోడే చూస్తాం, అది వందల్లో అయిపోయే సామాను. కానీ తమ్ముడూ, కెపాసిటర్‌ను డిశ్చార్జి చెయ్యడం, అంటే అందులోని చార్జి ఖాళీ చెయ్యడం, ఒకరు చేసి చూపించగా చేతులతో నేర్చుకోకపోతే ఇక్కడితో ఆగి మైక్రోవేవ్‌ను తెలిసినవాళ్లకు ఇచ్చెయ్. తెలిస్తే, ప్లగ్గు పీకి కాసేపు వదిలేసి, పిడి మొత్తం ప్లాస్టిక్ ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్‌తో కెపాసిటర్ రెండు పిన్నులూ కలిపి, తర్వాత ఒక్కో పిన్నునూ బాడీకి తాకించాలి. ఒక చెయ్యి జేబులోనే ఉండాలి.

డయోడును మామూలు మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పెడితే మంచిదైనా ఓపెన్‌లా (తెగిపోయినట్టు) కనిపిస్తుంది, అందుకే మంచివి చెత్తలో పడేస్తుంటారు. దాన్ని విప్పి బయటికి తీసి, 9 వోల్టుల బ్యాటరీ సిరీస్‌లో పెట్టి వోల్టేజ్ చూడు: ఒక వైపు కొన్ని వోల్టులు తగ్గి చూపించాలి, తిప్పి పెడితే దాదాపు సున్నా. రెండు వైపులా చూపిస్తే షార్ట్. మ్యాగ్నెట్రాన్ రెండు పిన్నుల మధ్య ఒక ఓమ్ కంటే తక్కువ ఉండాలి, పిన్నుకూ బాడీకీ మధ్య అసలు కంటిన్యుటీ (కరెంటు పోయే దారి) రాకూడదు. వస్తే మ్యాగ్నెట్రాన్ పోయినట్టే, అప్పుడు ధర విని కొత్తది ఆలోచించుకోవచ్చు, ఆ మెకానిక్ మాట పూర్తిగా తప్పు కాదు. మ్యాగ్నెట్రాన్‌లోని పింగాణీ ముక్క పగలగొట్టకు, కొన్నిట్లో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది, ఆ పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కొత్త డయోడు పెట్టేటప్పుడు రింగు ఉన్న కొస బాడీకి బిగించాలి. మూత పెట్టకుండా ఆన్ చెయ్యొద్దు, ఆన్‌లో ఉండగా మీటరు పెట్టి 4000 కొలవాలని అస్సలు చూడొద్దు. ఎవరైనా "డోర్ స్విచ్ డైరెక్ట్ చేసేస్తాను, పని అయిపోతుంది" అంటే, అంటే ఆ స్విచ్చిని దాటేసి వైర్లు నేరుగా కలిపేస్తానంటే, మైక్రోవేవ్ వెనక్కి తెచ్చెయ్, ఆ స్విచ్చి తలుపు తెరవగానే మైక్రోవేవ్‌ను ఆపేది.

హన్మకొండ పోరడు:
థాంక్స్ అక్కా. డిశ్చార్జి నేనెప్పుడూ చెయ్యలేదు, మా పాలిటెక్నిక్ దోస్తు ఇన్వర్టర్లు చేస్తాడు, అతన్ని పిలిచి డయోడు చూస్తాం. ఇంకోటి, మా వంటింట్లో మూడు పిన్నుల సాకెట్లో ఎర్త్ పని చేస్తుందో లేదో నాకు తెలియదు, అది కూడా చూడాలా?

మంచిర్యాల అక్క, సర్వీస్ షాపు:
ముందు అదే చూడు. హైవోల్టేజ్ ఒక కొస బాడీకే ఉంటుంది కాబట్టి ఎర్త్ లేని సాకెట్లో ఈ మైక్రోవేవ్ పెట్టకూడదు, టూ పిన్ అడాప్టర్ అయితే మరీ వద్దు. 16 ఆంప్స్ సాకెట్ అయితే ఇంకా మంచిది.