గొర్రెలు మేసే గుట్టమీద గడ్డి సర్వే.. క్వాడ్రాట్లు యాడ వేయాల?

బీడుపిల్లోడు: అన్నా ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి కళ్యాణదుర్గం పక్కన ఒక గుట్ట, దాని కింద బీడు తీసుకున్నా, రోజూ గొర్రెలు మేకలు మేస్తాంటాయి. మేత ఎంతుందో సర్వే చేయాల. మీటర్ క్వాడ్రాట్లు (మీటర్ పొడవు, మీటర్ వెడల్పు ఉండే చదరపు ఫ్రేమ్, నేలమీద పెట్టి లోపలున్న మొక్కల్నే లెక్కేసేది) వేసేయ్ అన్నారు, ఎన్ని వేయాల యాడ వేయాల ఎవరూ చెప్పల్యా. ఒకచోట బోదగడ్డి నడుం ఎత్తుంది, ఇంకోచోట ఒట్టి రాళ్లు, రెండూ కలిపి సగటు తీస్తే ఏమొస్తాది? పైగా బందారు పొదలు మీటర్ ఫ్రేమ్‌లో పట్టనే పట్టవు.

ఎర్రనేల: కలిపి సగటు తీయొద్దు. గుట్ట పైభాగం, వాలు, కింద బీడు, వంక పక్కన అని ముందే విడగొట్టుకో, ఒక్కోదానికి విడిగా లెక్క. చోటు నువ్వు చూసి ఎంచుకోకు, కన్ను పచ్చగా ఉన్నచోటికే పోతాది, అందుకే మొదటి పాయింట్ లాటరీ మాదిరి తీసి అక్కడినుంచి సమాన దూరంలో వేసుకుంటా పో. ఎన్ని అంటే, ప్రతి ఐదింటికీ సగటు లెక్కేసి చూడు, అది ఊగడం ఆగితే చాలు. ఫ్రేమ్ అంచు మీద మొక్క ఉంటే వేరు లోపలుందా బయటుందా చూడు, ఆకు వాలిందని లెక్కలోకి తీసుకోకు. పొదలకి 30 మీటర్ల టేపు పరిచి, టేపు మీదికి పొద వచ్చినంత పొడవు రాసుకుంటే సరి, మొత్తం 9 మీటర్లు వస్తే 30 శాతం కవర్, అంటే నేలలో అంత భాగం పొద కప్పినట్టు.

మందకాపరి_కొడుకు: లెక్కలు బాగుండాయి గానీ బోదగడ్డి ముదిరితే గొర్రె మూతి పెట్టదు సామీ. బందారు జోలికి మేకే పోదు. ఫ్రేమ్‌లో ఉన్నవన్నీ ఒకే సంచిలో కోసి తూకం వేస్తే మేత మస్తుగా ఉన్నట్టు వస్తాది, మందేమో ఎండిన డొక్కల్తో ఇంటికొస్తాది. తినేది ఒక సంచి తిననిది ఒక సంచి, కోసేటప్పుడే విడగొట్టు. ఏది తింటాయో మందతో ఒక పూట నడిస్తే తెలుస్తాది, పుస్తకంలో వెతకొద్దు.

ఎర్రనేల: ఇది కరెక్ట్, నేను మర్చేపోయినా. పచ్చి బరువు మాత్రం నమ్మొద్దు, ఓవెన్‌లో 60-70 డిగ్రీల దగ్గర 48 గంటలు ఎండబెట్టి తూయి. చదరపు మీటరుకి సగటున 80 గ్రాములు వస్తే పదితో గుణిస్తే హెక్టారుకి 800 కిలోలు, ఎకరాకి సుమారు 320.

బీడుపిల్లోడు: మరి గొర్రెలు ముందే మేసేసింటే మిగిలిందే కదన్నా నాకు దొరికేది?

మందకాపరి_కొడుకు: వానలకి ముందే అక్కడక్కడా చిన్న మడులకి కంచె కట్టు, లోపల కోసింది బయట కోసింది తేడా చూస్తే మేసింది ఎంతో సుమారుగా తెలుస్తాది. మనకి వాన ఎక్కువ సెప్టెంబర్‌లో కదా, ఆ తర్వాత గడ్డి ఎండకముందే కోయి. కంపతో మాత్రం కట్టొద్దు, పొయ్యిలోకి ఎత్తకపోతారు, ఇనుప జాలీ వేసి ఊళ్లో ఒకమాట చెప్పిపెట్టు.

బీడుపిల్లోడు: జాలీకి డబ్బులు ఎవరిస్తారన్నా 😅 సరే, రెండు మడులకైనా చూస్తా.