మాస్క్ చేసి పది రోజులాగమన్నారు. ఈలోగా గడ్డ పెరిగిపోదా?

పెద్దమ్మాయి:
మా నాన్నకి 61 ఏళ్లు. నాలుక మొదట్లో, గొంతు వైపు కాన్సర్ గడ్డ. మెడలో కుడి పక్క రెండు బిళ్లలు. ఆపరేషన్ వద్దు, 35 సిట్టింగుల రేడియేషన్, వారానికోసారి కీమో అన్నారు. మంగళవారం, రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా పట్టి ఉంచే మాస్క్ చేసి సీటీ తీశారు. మర్నాటి నుంచే మొదలనుకుంటే పది రోజుల తర్వాత రమ్మన్నారు. ఎందుకంటే "ప్లానింగ్ జరగాలి" అని ఒక్క ముక్క. స్కాన్ చేతిలో ఉన్నాక కంప్యూటర్‌కి పది రోజుల పనేముంటుంది?
ఇంకోటి. అంతకుముందు వారమే నాలుగు పళ్లు పీకించారు. అందులో రెండు నొప్పి కూడా లేనివి. "జబ్బు నాలుకకొస్తే పళ్లేం చేశాయి" అని నాన్న ఇప్పటికీ మండిపడుతున్నారు. మాస్క్ మాటెత్తితే మొహం తిప్పేసుకుంటున్నారు.

ప్లానింగ్ గది:
పదహారేళ్లుగా రేడియేషన్ ఫిజిసిస్టుగా ఆ "ప్లానింగ్" చేస్తున్నది నాలాంటివాళ్లే కాబట్టి చెప్తాను. లెక్క కంప్యూటర్ చేస్తుంది, నిమిషాల పని. రోజులు పట్టేది దానికి ముందు గీతలు గీయడానికి, తర్వాత బేరాలాడడానికి.

తల పైనుంచి ఛాతీ దాకా సీటీని మూడు మిల్లీమీటర్లకో బొమ్మ చొప్పున తీస్తారు, కొన్నిచోట్ల ఇంకా సన్నగా. వందకు పైనే బొమ్మలు. డాక్టరుగారు గడ్డ ఉన్న ప్రతి బొమ్మ మీదా దాని అంచు గీస్తారు. దాని చుట్టూ, కంటికి కనిపించని కణాలు పాకి ఉండొచ్చనుకునే మేర ఇంకో గీత. రోజూ పడుకోబెట్టేటప్పుడు కాస్త అటూ ఇటూ అవుతుంది కదా, అందుకోసం మరికొన్ని మిల్లీమీటర్లు. నాలుక మొదలు మెడకి మధ్యలో ఉంటుంది. బిళ్లలు కుడివైపే ఉన్నా సాధారణంగా మెడ రెండు పక్కలా గీస్తారు. గడ్డకి 70 గ్రే, శుభ్రంగా కనిపిస్తున్న వైపు 50 పైచిలుకు, ఈ రకంగా డోసు పంచుతారు. గ్రే అంటే రేడియేషన్ కొలత.

కాపాడాల్సినవాటి గీతలు వేరే. వెన్నుపాము, మెదడు కాండం, దవడ ఎముక, చెవుల ముందుండే లాలాజల గ్రంథులు, మింగే కండరాలు. వెన్నుపాముకి 45 నుంచి 50 గ్రే దాటనివ్వం, అక్కడ బేరం లేదు. లాలాజల గ్రంథికి సగటు 26 లోపు ఉంటే నోరు తర్వాత కొంతైనా తడి పట్టే ఆశ ఉంటుంది. బిళ్ల ఒకవైపు గ్రంథిని ఆనుకుని ఉంటే, ఆ గ్రంథిని వదులుకుని రెండోదాన్ని దక్కించుకుంటాం. ఇలాంటిచోటే నేనూ డాక్టరుగారూ వాదించుకునేది. నా మొదటి ప్లాన్ యథాతథంగా పాసైన కేసులు చాలా తక్కువ. (ఈమధ్య గీతలు గీసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. అవి గీసినవీ దిద్దాల్సిందే.) అంతా అయ్యాక, మనిషి లేకుండా మెషీన్ మీద ప్లాన్ నడిపి, వేసినంతే పడుతోందా అని కొలుస్తాం.

పళ్ల విషయంలో నాన్నగారి కోపం న్యాయమే, పీకడమూ న్యాయమే. రేడియేషన్ పడ్డ దవడకి రక్తం సరిగా అందదు. ఏడాది తర్వాత పన్ను తీయాల్సొస్తే ఆ పుండు మానక ఎముకే చచ్చుబడొచ్చు. అందుకే డోసు ఎక్కువ పడే చోట అనుమానంగా ఉన్న పన్ను ముందే తీసేస్తారు. నొప్పి లేకపోయినా వేరు పాడై ఉండొచ్చు. చిగురు మానడానికి రెండు వారాలు కావాలి, మీకు ఆగమన్న రోజుల్లోనే అదీ అయిపోతుంది.

పది రోజులు మామూలే. మూడు నాలుగు వారాలైతే గట్టిగా అడగండి. అసలు భయపడాల్సింది మొదలయ్యాక మానేసే రోజుల గురించి. నాలుగో వారం దాటాక మిగిలిన కాన్సర్ కణాలు జోరందుకుంటాయి. ఒక్క రోజు ఆలస్యాన్ని సరిదిద్దడానికే సుమారు 0.6 గ్రే ఖర్చవుతుందని లెక్క. మెషీన్ పాడై సిట్టింగు పోతే, దాన్ని ఎలా భర్తీ చేస్తున్నారో అడగండి. ఒకే రోజు ఆరు గంటల తేడాతో రెండు ఇవ్వొచ్చు, సెలవు రోజున ఇవ్వొచ్చు.

ముప్పైఐదూ అయ్యాయి:
రోగిగా నా మాట. మాస్క్ వేడిగా, తడిగా వచ్చి మొహాన పడ్డప్పుడు గుండె జారింది. అది వల లాంటిది, ఊపిరికి ఇబ్బంది లేదు. బల్లకి బిగించే టక్‌టక్‌లు లెక్కపెట్టుకునేవాణ్ని, ఐదు. ఐదోది వినబడితే ఇంకో పావుగంట అని. చెయ్యెత్తితే ఆపేస్తారు, కెమెరాలో చూస్తూనే ఉంటారు. కళ్ల దగ్గర కన్నాలు కత్తిరించమని అడిగాను, కత్తిరించారు. అంతే, సగం భయం పోయింది.
మూడో వారానికి రుచి పోయింది, ఉమ్ము జిగురులా మారింది. తొమ్మిది కిలోలు తగ్గాను. ఐదో వారంలో మాస్క్ వదులైపోయి మళ్లీ మాస్క్, మళ్లీ స్కాన్.

పెద్దమ్మాయి:
వదులైతే ఏమవుతుంది? మాకు తిండి ఎక్కించడానికి వేసే ముక్కు గొట్టం గురించి కూడా చెప్పారు, నాన్న ససేమిరా అంటున్నారు.

ప్లానింగ్ గది:
బుగ్గలు లాగేస్తే లాలాజల గ్రంథులు లోపలికి జరుగుతాయి, మనం గీసిన చోట ఉండవు. తల కూడా కదులుతుంది. అందుకే వారం వారం బరువు రాసుకోండి, తగ్గుతుంటే డాక్టరుకి చూపించండి. గొట్టం ఇప్పుడే వేయించుకోకపోయినా, ఎంత బరువు తగ్గితే వేస్తారో ఇప్పుడే మాట్లాడుకుని పెట్టుకోండి. గొట్టం పడ్డా రోజూ కాస్త మింగుతూనే ఉండాలి, మానేస్తే ఆ కండరాలు బిగుసుకుపోతాయి.

పెద్దమ్మాయి:
నాన్నకి మొత్తం చదివి వినిపించాను. పళ్ల దగ్గర ఏమీ మాట్లాడలేదు. కాసేపాగి, "ఆ కన్నాల సంగతి అడుగు" అన్నారు.

ప్లానింగ్ గది:
ఈరోజే ఫోన్ చేసి అడగండి. పట్టు వదులు కాకుండా ఎంతవరకు కత్తిరించొచ్చో వాళ్లు చూసుకోవాలి. మొదటి సిట్టింగు రోజు దాకా ఆగకండి.