స్వతంత్రత, స్వతంత్రించడం: న్యాయమూర్తికి ఏ అర్థం వర్తిస్తుంది?

ఒంగోలు నుంచి ఒక ఉపాధ్యాయుడు: ‘న్యాయమూర్తుల స్వతంత్రత’ గురించి పాఠం చెబుతుంటే ఒక పిల్లవాడు లేచి, ‘అంటే జడ్జిగారు తనకు తోచినట్టు తీర్పు చెప్పవచ్చునా?’ అని అడిగాడు. ఆ మాటకు బదులు ‘నిష్పాక్షికత’ అంటే సరిపోతుందా?

నెల్లూరు నుంచి జవాబు: మాస్టారూ, ఆ సందేహం మన వాడుకలోంచే పుట్టింది. ‘మా బావమరిదికి మా ఇంట్లో స్వతంత్రం ఎక్కువ’ అంటే నేరుగా వంటింట్లోకి వెళ్ళి వడ్డించుకునేంత చనువు ఉందని. ‘అడక్కుండా స్వతంత్రించి సంతకం పెట్టేశాడు’ అంటే అది తప్పు పట్టడమే. ఈ రెండు ఛాయలూ మనసులో ఉన్నవారికి స్వతంత్రత ఇష్టారాజ్యంగానే తోస్తుంది. న్యాయమూర్తి విషయంలో అర్థం ఇందుకు విరుద్ధం. ఆయన శాసనానికి మాత్రమే లోబడి ఉండాలి కనుకనే మరెవరికీ లోబడకుండా కాపాడుతున్నాం.

మద్రాసు రాజధాని కాలంలో శిస్తు వసూలు చేసే తహసీల్దారే మేజిస్ట్రేటుగా కూర్చుని శిక్షలు కూడా వేసేవాడు. శిస్తు దగ్గర ఆయనతో పేచీ పడ్డ రైతు, మరో రోజు ముద్దాయిగా ఆయన ఎదుటే నిలబడవలసి వస్తే ఏమి ధైర్యంతో నిలబడతాడు? కార్యనిర్వాహక శాఖ నుంచి న్యాయశాఖను వేరు చేయాలని రాజ్యాంగం 50వ అధికరణలో చెప్పడం వెనుక ఇటువంటి అనుభవం ఉంది.

భూసేకరణ పరిహారం చాలలేదని వ్యాజ్యం వేసిన ఒక రైతును మా జిల్లా కోర్టు వరండాలో చూశాను. పాసుపుస్తకం, పాత దస్తావేజులు పెట్టిన ప్లాస్టిక్ సంచిని ఒళ్ళో పెట్టుకుని, తన పేరు పిలుస్తారేమోనని తలుపు వైపే చూస్తున్నాడు. ప్రతివాది ప్రభుత్వం. తీర్పు నచ్చకపోతే ఆ ప్రతివాదే జడ్జిని బదిలీ చేయగలిగితే, ఆ సంచిలోని కాగితాలకు విలువేముంటుంది? 235వ అధికరణ కింద జిల్లా కోర్టులపై అదుపు హైకోర్టుకు ఉన్నది ఇందుకే. సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించాలంటే ఉభయ సభల్లోనూ మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా మద్దతు కావాలి. ఆయన జీతం పార్లమెంటులో ఓటుకు రాదు. ఈ రక్షణలన్నీ ఆ రైతు కోసమేనని నా నమ్మకం.

ఇక నిష్పాక్షికత మనసుకు సంబంధించిన గుణం, స్వతంత్రత ఆ గుణం నిలబడటానికి చేసిన ఏర్పాటు. ముల్లు సరిగా ఉన్న తక్కెడకైనా పక్కనున్నవాడు పళ్ళేన్ని వేలితో నొక్కితే తూకం తప్పుతుంది గదా! అందువల్ల ‘స్వతంత్రత’ అన్న మాటను మార్చకండి.

పిల్లవాడికి మాత్రం ప్రమాణస్వీకారంలోని ‘భయం గాని పక్షపాతం గాని, రాగద్వేషాలు గాని లేకుండా’ అన్న మాటలు చదివించి, ‘రాగం’ దగ్గర కాసేపు ఆగండి. భయం బయటినుంచి వస్తుంది, రాగం న్యాయమూర్తి లోపలిదే. దానికి కూడా లొంగనని ఆయన ప్రమాణం చేస్తున్నప్పుడు, తోచినట్టు తీర్పు చెప్పే వీలు ఎక్కడిది?