ఎమ్మెస్సీ ప్రాజెక్టుల్లో ఫొరామినిఫెరా: లెక్కతో ఆగాలా, గతం గురించి తేల్చాలా?

గోదావరి_జియాలజీ:
కొల్లేరులో ఒక్క బోరు వేసి, తీసిన మట్టిలో నాలుగు ఫొరామినిఫెరా (గుల్ల కట్టుకునే ఏకకణ సూక్ష్మజీవులు) గుల్లలు చూసి ‘ఇక్కడ ఒకప్పుడు ఉప్పునీటి మడుగు ఉండేది’ అని ప్రాజెక్టులు రాస్తున్నారు. కార్బన్ డేటింగ్ ఉండదు. పిల్లలు జాతులు గుర్తించి, లెక్కపెట్టి ఆగితే చాలు. తేల్చే పని పీహెచ్‌డీ వాళ్లకు వదిలేయాలి. మీరేమంటారు?

బురద_బ్రష్:
ఒప్పుకోనండీ. 63 మైక్రాన్ల జల్లెడ మీద బురద కడిగి, నల్ల పళ్లెంలో తడి బ్రష్‌తో ఇసుక రేణువంత గుల్లల్ని ఒక్కోటీ ఏరేది ఎందుకు? అక్కడ ఏ నీళ్లుండేవో తెలుసుకోవడానికే. పులికాట్ ఉప్పునీళ్లలో ఈరోజుకీ బతికే అమ్మోనియా అనే ఫొరామినిఫెరా, కొల్లేరు అడుగున బంకమట్టిలో కనిపిస్తే విద్యార్థి నోరు మూసుకోవాలా?

గోదావరి_జియాలజీ:
కొల్లేరును సముద్రంతో కలిపే ఉప్పుటేరు సంగతి మర్చిపోకండి. ఎండాకాలం సముద్రపు నీళ్లు అందులోంచి ఎగదన్నుతాయి. గుల్లలు కొట్టుకొచ్చాయేమో?

బురద_బ్రష్:
అది గుల్లల్ని చూస్తేనే తెలుస్తుంది. కొట్టుకొచ్చినవి అరిగి, విరిగి, చాలావరకు ఒకే సైజులో ఉంటాయి. అక్కడే పుట్టి పెరిగినవైతే పిల్లవీ పెద్దవీ కలిసే దొరుకుతాయి. లెక్కతో ఆపేస్తే ఈ చూపు ఎప్పుడు అలవడుతుంది?

మడ_అడవి_స్టూడెంట్:
సార్, నా ప్రాజెక్టు కోరింగ మడ అడవి బురద మీదే. ఒక నమూనాలో సున్నపు గుల్లలు దాదాపు లేవు. ఆకులు కుళ్లి పుట్టే ఆమ్లానికి అవి కరిగిపోతాయట. మట్టి రేణువులు అతికించుకుని గూడు కట్టుకునే ట్రోకమ్మినా లాంటివే మిగిలాయి. ‘గుల్లల్లేవు కాబట్టి ఉప్పునీరు రాలేదు’ అని రాయకూడదని మా మేడమ్ అక్కడే చెప్పారు. టేబుల్ నింపి ఊరుకుంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు.

గోదావరి_జియాలజీ:
ఈ మాట బాగుందమ్మా, ఇక్కడ నేను తగ్గుతాను. కాలం విషయంలో మాత్రం తగ్గను. ఎవరి పేపర్లోదో ‘6000 ఏళ్ల కిందట’ తెచ్చి మన బోరుకు అంటించడం తప్పే.

బురద_బ్రష్:
తప్పే. డేటు లేకపోతే లోతు రాయాలి, ఏళ్లు రాయకూడదు. నాదీ ఒక షరతు ఉంది. బోరు జోలికి పోయేముందు ఇప్పటి నమూనాలు తీసి, రోజ్ బెంగాల్ అనే రంగు వేసి చూడాలి. బతికున్నవీ, అప్పుడే చచ్చినవీ గులాబీ రంగు పట్టుకుంటాయి. అదే రోజు నీటి ఉప్పదనం కూడా కొలిస్తే ఏది ఎక్కడ బతుకుతుందో తెలుస్తుంది. డేటింగ్‌కు డబ్బుల్లేని కాలేజీ కూడా ఈ పని చేసుకోగలదు.

ఇంకోటి, ఏరిన గుల్లల స్లైడ్లు డిపార్ట్‌మెంట్లోనే దాచాలి. వైవా అయ్యాక అవి పారేస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. తర్వాతి బ్యాచ్ వాటినే మళ్లీ లెక్కపెట్టి, పాత నిర్ధారణ నిలుస్తుందో లేదో చూడొచ్చు కదా.

గోదావరి_జియాలజీ:
స్లైడ్లు అప్పగిస్తేనే ప్రాజెక్టు మార్కులు వేసే పద్ధతి పెడితే నాకూ సమ్మతమే.